పెద్దత్త మూడు దినాలు

మొన్న పొద్దున ఉప్మాకు పోపు వేస్తుంటే ఉన్నట్టుండి మెడ దగ్గర ఒక సెగ లేచి నెత్తికెక్కింది. చెవులు కాలిపోయాయి, చెమటతో రవిక తడిసిపోయింది. బయట చూస్తే పుష్యమాసం. పక్కింటాయన కంబళి కప్పుకుని ఎండలో కూర్చుని వణుకుతున్నాడు. నేను చేట పట్టుకుని విసురుకుంటూ వాకిట్లో నిలబడ్డాను. మా ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా, "దవాఖానకు పోయి చూపించుకోరాదూ" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండాలి. ఎలాగూ మండుతూనే ఉంది కాబట్టి నవ్వొచ్చింది. మా పెద్దత్తతో ఆమె మొగుడు కూడా సరిగ్గా ఇదే అన్నాడు. కాకపోతే ఆయన ఎద్దుకు గడ్డి వేస్తూ అన్నాడు.

పెద్దత్త అంటే మా అత్తగారి తోటికోడలు, ఆ ఇంటికి పెద్దకోడలు. మా అత్తగారి ఊరు పెబ్బేరుకు కూతవేటు దూరం. పెద్దత్త పుట్టిల్లు మాత్రం కృష్ణ అవతల, గట్టు అనే ఊరి దిక్కు. అక్కడి తెలుగులో కన్నడం అక్కడక్కడా తగులుతుంది. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆమె నోట మిగిలిన కన్నడం ఒక్కటే మాట, 'బ్యాడ'. అంటే వద్దు అని. నచ్చని కూర వడ్డిస్తే బ్యాడ, నచ్చని సంబంధం చెప్తే బ్యాడ, నచ్చని చుట్టం వస్తే మనసులో బ్యాడ. అనేటప్పుడు అరచెయ్యి తలుపు మూసినట్టు అడ్డం పెట్టేది. ఆమె అత్త, అంటే మేమంతా ముసలమ్మ అని పిలిచే ఇంటి పెద్దావిడ, ఆ మాట విన్నప్పుడల్లా మూతి వంకర తిప్పేది. మంచి తెలుగింట్లో ఈ అరవ కూతలేంటని సణిగేది. ముసలమ్మకు తెలుగు కానిదంతా అరవమే.

పెద్దత్త నాయన పెబ్బేరు సంతలో ఎద్దుల బేరగాడు. మగపిల్లలు లేక ఈమెనే చిన్నప్పుడు సంతకు వెంట తిప్పుకున్నాడట. దాంతో ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరినైనా సరే, ముందు నోరు చూస్తుంది. పండ్లు చూడనిదే ఎద్దును కొనొద్దు అనేది ఆమె వేదం, శాస్త్రం, సర్వస్వం. నా పెళ్ళిచూపులకు నాగర్‌కర్నూలు మా ఇంటికి వచ్చినప్పుడు నా గడ్డం పట్టి కిందికి లాగి లోపలికి తొంగి చూసింది. చూసి మా అత్తగారి వైపు తిరిగి, "పండ్లు గట్టిగున్నయి. ఒంగోలు జాతి కాదు గని, పని చేస్తది" అంది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మకు కోపమొచ్చింది. మా నాయన ఒక్కడే, ఆవిడకు పశువుల సంగతి బాగా తెలిసినట్టుందని మెచ్చుకున్నాడు.

ఆ ఇంట్లో జీతగాళ్ళతో కలిపి ప్రతి పూటా చిన్న పెళ్ళికి సరిపడే జనం తినేవారు. తినేది జొన్నరొట్టె. చేసేది పెద్దత్త. ఆమె చెయ్యి పీట మీద తట్టే చప్పుడు వీధి చివరికి వినిపించేది. రొట్టె విస్తరాకంత వెడల్పు, తమలపాకంత పలచన. పెద్దమామ, అంటే ఆమె మొగుడు, మొదటి రొట్టెను రెండు చేతులా పట్టుకుని ఎండకు ఎత్తి, దాంట్లోంచి సూర్యుడు కనబడుతున్నాడని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఆయనకు రొట్టెలోంచి సూర్యుడు కనబడేవాడు కానీ, రొట్టె అవతల పొయ్యి ముందు కూర్చున్న మనిషి కనబడినట్టు నాకైతే గుర్తులేదు.

ఇక ఆ రోజుల్లో ఆడవాళ్ళు నెలకు మూడు దినాలు దూరం కూర్చునే సంగతి తెలిసిందే. మా దొడ్లో వేపచెట్టు కింద దానికోసమే ఒక గడ్డి గుడిసె ఉండేది. ఆ మూడు దినాలూ వంటింటి గడప తొక్కకూడదు, దేవుడి గూటి వైపు చూడకూడదు, ముఖ్యంగా తొక్కు జాడీల దరిదాపులకు పోకూడదు. పోతే తొక్కు బూజు పడుతుంది. ముసలమ్మ ప్రాణం ఆ జాడీల్లోనే ఉండేది. గుడిసెలో కూర్చోవడం శిక్ష అంటారు ఈ కాలపు పిల్లలు. శిక్షే. వానకు కారేది, తేళ్ళు తిరిగేవి, అన్నం కుక్కకు పెట్టినట్టు దూరం నుంచి పెట్టేవారు. కానీ తెల్లారి లేస్తే పొయ్యి ముందు కూర్చునే మనిషికి, మూడు దినాలు ఎవరూ పని చెప్పని చోటు ఆ ఇంట్లో ఇంకొకటి ఉంటే చూపించమనండి.

నేను కాపురానికి వచ్చాక మొదటిసారి బయట కూర్చోవలసి వచ్చి గుడిసెలోకి పోతే, పెద్దత్త ముందే అక్కడ ఉంది. ఈతచాప మీద జారగిలబడి, ముగ్గుపిండితో నేల మీద పచ్చీసు పటం గీసుకుని, ఒక్కతే రెండు పక్కలా ఆడుతోంది. కుడిచేతి ఆట ఒకరిది, ఎడమచేతి ఆట ఒకరిది. ఎడమచెయ్యి గెలిచేట్టుంటే గవ్వను వేలితో మెల్లగా బోర్లా తిప్పేసేది. తనతో తాను ఆడుకుంటూ తొండి చేసే మనిషిని నేను మళ్ళీ ఇంతవరకు చూడలేదు.

ఒక గుడిసెలో ఇద్దరు ఆడవాళ్ళు మూడు దినాలుంటే దాచేదేం ఉంటుంది. నేను కడుపు పట్టుకుని ముడుచుకుని పడుంటే ఆమె నిమ్మళంగా చెరుకు నములుతోంది. గుడ్డలు తీసుకుపోయే చాకలామె నా మూట తీసుకుని, ఆమె మూట చూసి ముసిముసిగా నవ్వింది. అందులో ఉన్నవి ఉతికి ఆరేసిన గుడ్డలే. ఉతికినవే మళ్ళీ ఉతకడానికి, అంతకంటే ముఖ్యంగా ఊరుకోవడానికి, ఆమెకు నెలకో చేటెడు జొన్నలు ముడుతున్నాయి. నేను నోరు తెరిచి చూస్తున్నానని పెద్దత్త కనిపెట్టింది.

"చూసినవు గద. ఆగి ఏడాది దాటె. ఇంట్ల ఎవరికి తెల్వదు" అంది చెరుకు పిప్పి ఊసి. "నువ్వు గిన నోరు ఇప్పినవనుకో, నీ నోట్ల ఎన్ని పండ్లున్నయో నాకెర్క. ఒక్కటి మిగలనియ్య."

ఎందుకు దాచడమని అడిగాను. ఇంత చిన్న సంగతి తెలియని పిల్లను ఇంటికి తెచ్చుకున్నామే అన్నట్టు చూసింది. ఆగిందని చెప్తే ముసలమ్మ సంబరపడుతుందట. సంబరపడి నెల పొడుగునా పొయ్యిని ఆమె పేరనే రాసిస్తుందట. దేవుడు ఆడదానికి ముట్టు ఇచ్చింది పిల్లల కోసమని అందరూ అంటారు కానీ, అది అబద్ధమని, రొట్టెలు చేసే చేతికి విరామం కోసం ఇచ్చాడని ఆమె గట్టి నమ్మకం. పిల్లలు పెళ్ళిళ్ళై పోయారు, రొట్టెలు మాత్రం పోలేదు, మరి ఇది ఎట్లా పోతుంది అని నన్నే ఎదురడిగింది.

నేను చెప్పలేదు. భయంతో కొంత, పచ్చీసు కోసం కొంత. ఆ తర్వాత ఆమె తన దినాలను నా దినాలకు జతచేసుకుంది. జోడెద్దు దొరికిందని మురిసిపోయింది. కొన్నేళ్ళకు నేను కడుపుతో ఉన్నప్పుడు మాత్రం నా మీద అలిగింది. ఎవరిని అడిగి ఈ పని చేసినవే అని తొమ్మిది నెలలూ దెప్పింది.

అన్నీ బాగానే ఉండేవి, ఆ సెగలు రాకపోతే. ఆగిపోయిన రెండో ఏడు ఆమెకు అవి ఎక్కువయ్యాయి. రొట్టె పెనం మీద వేసి చెయ్యి తీసేలోపల ముఖం కందిపోయి చెమటలు కారేవి. గుండె దడదడలాడేది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, ఒక్కోసారి అసలు వేసేది కాదు. దూడ తాడు తెంపుకుందని ఒకసారి గంటసేపు ఏడ్చింది. అంతకుముందు ఆ మనిషి కన్నతల్లి పోతే కూడా నలుగురి ముందు ఏడవలేదని మా అత్తగారు అనేది. "బయట ఒక పొయ్యి, లోపట ఒక పొయ్యి. నడుమ రొట్టె లెక్క కాల్తున్న పిల్లా" అంది నాతో ఒకసారి. నవ్వుతూనే అంది కానీ కళ్ళు నవ్వలేదు. నాకు ఆ మాట గుచ్చుకుంది.

మందు అడగొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. మందు అడగాలంటే ఆగిపోయిందని చెప్పాలి. చెప్తే గుడిసె పోతుంది. గుడిసె ఉంచుకోవాలంటే ఒళ్ళు మండుతున్నా నోరు మూసుకోవాలి. మూడు దినాల చల్లదనం కోసం మిగిలిన నెలంతా కాలడం. ఈ బేరం ఆమెకు ఎటూ తెగలేదు.

ఇంతలో ముసలమ్మే దారి చూపింది, ఆమె పద్ధతిలో. పెద్దత్త గుడిసెలో ఉన్న మూడు దినాలూ రొట్టెలు మా అత్తగారు చేసేది. అవి రొట్టెలు కావు, పిడకలు. ముసలమ్మకు చిగుళ్ళు తప్ప పండ్లు లేవు. మూడు దినాలూ పిడకలు నానబెట్టి నానబెట్టి తినీ తినీ ఒకరోజు కొడుకును పిలిచి, యాభై దాటినా నీ పెండ్లానికి ఇంకా ముట్టు ఆగకపోవడం ఏదో రోగమని, అది ఆగేటట్టు మందు ఇప్పించమని హుకుం చేసింది. పెద్దమామ ఎద్దుకు గడ్డి వేస్తున్నవాడు వేస్తూనే, దవాఖానకు పోయి చూపించుకోమన్నాడు. అట్లా, రెండేళ్ళ కింద ఆగిపోయినదాన్ని ఆపించడానికి మా ఇల్లంతా బయలుదేరింది.

మొదట వనపర్తిలో ఒక హకీము. పరదా అవతల ఆయన, ఇవతల ఆమె. పరదా సందులోంచి చెయ్యి మాత్రం ఇవ్వాలి. నాడి ఆమెది పట్టుకుని, ప్రశ్నలన్నీ మామను అడిగాడు. ఎన్ని దినాలు ఉంటుంది, ఎట్లా ఉంటుంది అని. మామకు తన ఎడ్లు ఏ పూట ఎంత నీళ్ళు తాగుతాయో తెలుసు కానీ, ఈ సంగతి ఎక్కడ తెలుస్తుంది. తెలియదంటే పరువు పోతుందని, "మంచిగనే ఉంటది" అన్నాడు. హకీము పెద్దమనిషి, తల ఊపి, ఒంట్లో వేడి ఎక్కువైందని చెప్పి దానిమ్మ షర్బత్ ఇచ్చాడు. వేడి మాట నిజమే. పెద్దత్త పరదా సందులోంచి ఆయన నోరు చూసి వచ్చింది. మనిషి మంచోడేనని, షర్బత్ ఇంకా మంచిదని, తమలపాకులు తినీ తినీ పండ్లు పాడుచేసుకున్నాడని తీర్పు చెప్పింది. షర్బత్ మాత్రం ఒక్క చుక్క వదలకుండా తాగింది.

తర్వాత అలంపూరు దిక్కు నుంచి ఒక వైద్యుణ్ణి పిలిపించారు. ఆయనకు ఒక్క పన్ను లేదు. నమిలి తినమని లేహ్యం ఇచ్చాడు. దాంతోపాటు ఏదో చెక్కల కషాయం, నాలుక మీద పెడితే చెవుల్లోంచి పొగలొచ్చేంత చేదు. పెద్దత్త దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా దొడ్లోకి తీసుకుపోయి సొరపాదు మొదట్లో పోసేది. ఆ ఏడు ఆ పాదుకు పూత నిలవలేదు, ఒక్క పిందె పడలేదు. వైద్యుడి మందులో పని ఉందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఆ పైన ముసలమ్మ ఊరుకోక ఒక మంత్రగాణ్ణి పట్టుకొచ్చింది. ఎవరో చేతబడి చేశారని, ఉల్లిగడ్డ మానాలని అన్నాడు. పెద్దత్తను నడివాకిట్లో కూర్చోబెట్టి వేపమండలతో చాలాసేపు విసిరాడు. మేం భయపడి చూస్తుంటే ఆమె కళ్ళు మూసుకుని మెడ ఇటూ అటూ తిప్పుతూ గాలి పట్టించుకుంది. ముగ్గురిలో ఎవరు మేలు అని తర్వాత గుడిసెలో అడిగితే, వెంటనే మంత్రగాడేనంది. తక్కినవాళ్ళు మందు ఇచ్చారు, వీడొక్కడే గాలి ఇచ్చాడట.

చివరికి వనపర్తిలో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి బండి కట్టారు. ఆమె కోస్తా వైపు మనిషి, చిన్న వయసు. మామను బయట కూర్చోమని తలుపేసింది. ఆమె మాట పెద్దత్తకు, పెద్దత్త మాట ఆమెకు అర్థం కాకపోవడంతో నన్ను లోపల ఉంచింది. ఇద్దరిదీ తెలుగే, నడుమ నేను తెలుగులోంచి తెలుగులోకి మార్చాను. పెద్దత్త బల్ల ఎక్కుతూనే, "జర నవ్వు తల్లీ" అంది. డాక్టరమ్మ తెల్లబోయి నవ్వింది. "మంచిగున్నయి. ఇప్పుడు చూడు" అని పెద్దత్త ఒప్పుకుంది.

డాక్టరమ్మ ఏవో అడిగింది, పరీక్ష చేసింది. చేతులు కడుక్కుంటూ మామూలుగా అంది.

"మీకు ఆగిపోయి చాలా కాలమైంది కదమ్మా. మరి ఆపాలని ఎందుకు వచ్చారు?"

పెద్దత్త నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఇంతమంది చేతుల్లోంచి జారిపోయిన దొంగ ఈ పిల్ల చేతికి చిక్కింది. కాసేపటికి పెద్దత్త చీర కొంగు సర్దుకుని, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో ఉన్నదున్నట్టు చెప్పేసింది. గుడిసె, గవ్వలు, చాకలామె, జొన్నలు, సొరపాదు, సెగలు, దూడ కోసం ఏడ్చిన సంగతి. "మందు అడిగితే మూడు దినాలు పోతయి. మూడు దినాలు ఉంచుకుంటే మందు రాదు. నువ్వే చెప్పు, ఏది ఇడువాలె?" అంది. డాక్టరమ్మ మొదట నవ్వింది, తర్వాత నవ్వలేదు.

ఇది రోగం కాదని, అందరికీ వస్తుందని, కొన్నేళ్ళకు దానంతటదే చల్లారుతుందని చెప్పింది. నిద్రకు ఒక అరకు ఉంది కానీ అది తాగితే మనిషి మందంగా తయారవుతుందంది. మందంగా ఉన్న మనుషులు మా ఇంట్లో చాలామంది ఉన్నారని, కొత్తగా ఒకరు అక్కర్లేదని పెద్దత్త దాన్ని అక్కడే తోసేసింది. ఇంకోటి, కొత్తగా ఒక సూదిమందు వచ్చిందట. బొంబాయి నుంచి తెప్పించాలట, పట్నం పోయి వేయించుకోవాలి. సెగలు తగ్గుతాయి. కానీ దాంతో ఆగిపోయింది మళ్ళీ కనబడవచ్చు, ముందు ముందు ఇంకేం చేస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదంది.

మళ్ళీ కనబడుతుందనే మాట వినగానే పెద్దత్త లేచి కూర్చుంది. సంతలో మంచి ఎద్దు కనబడ్డప్పుడు ఆమె నాయన ముఖం ఎట్లా ఉండేదో నాకు అప్పుడు తెలిసింది. నిజంగా వస్తుందా, ప్రతి నెలా వస్తుందా అని రెట్టించి అడిగింది. వస్తే దొంగతనం అక్కర్లేదు, చాకలామెకు జొన్నలక్కర్లేదు, సెగలకు సెగలు పోతాయి. చాలాసేపు ఆలోచించింది. డాక్టరమ్మ ఓపికగా కూర్చుంది. చివరికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"బ్యాడ" అంది. "సూది పొడిపించుకోని తెచ్చుకుంటే అది నిజం ముట్టు అయితది. కడుపు నొస్తది, నడుము గుంజుతది. నా అబద్ధం ముట్టే మంచిగుంది. ఏం నొయ్యదు."

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నవ్వి, పొయ్యికి దూరంగా ఉండమని, కారం తగ్గించమని, పలచటి నూలు చీర కట్టమని చెప్పింది. బయట మగాయనతో మాత్రం తాను అబద్ధం చెప్పనంది. పెద్దత్త ఎంత బతిమాలినా వినలేదు. తలుపు తీసి మామతో సూటిగా, "మీ ఆవిడకు ఆగిపోయిందండీ, ఇక రాదు. వేడి తగలకుండా చూసుకోండి" అనేసింది.

ఇక అయిపోయింది, దొంగతనం బయటపడిందనుకున్నాను. మామ రెండు చేతులూ ఎత్తి డాక్టరమ్మకు దండం పెట్టాడు. లోపలికి పోయేటప్పుడు ఉన్న రోగం బయటికి వచ్చేటప్పటికి లేదు. ఒక్క సీసా లేదు, ఒక్క పొట్లం లేదు. హస్తవాసి అంటే ఇదీ అని ఆయన దారి పొడుగునా ఎదురైన ప్రతి బండి ఆపి చెప్పాడు. పెద్దత్త బండిలో వెనక్కి తిరిగి కూర్చుంది.

ఇంట్లో పండుగ చేశారు. ముసలమ్మ అలంపూరు అమ్మవారికి టెంకాయలు మొక్కింది, వాడంతా బెల్లం పంచింది. వేడి తగలకూడదన్న మాట మామ మరచిపోలేదు పాపం. బండికి గూడు కట్టించాడు, పెద్దత్తకు ఎండ తగలకుండా. పొయ్యి వేడి వేడే కాదు మరి, అది ఇంటి వేడి.

ఆ నెల నేను గుడిసెలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పెద్దత్త దూరం నుంచి అన్నం పెట్టి, ముగ్గుపిండి పటం వైపు ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. ముఖం మాడిన పెనంలా ఉంది. ఒకరోజు పిండి తడుపుతూ తడుపుతూ అందులోనే చెమట, కన్నీళ్ళు కలిసి కారుతుంటే తుడుచుకోకుండా అట్లాగే తడిపింది. నాకు ఆ ఇంటి మీద, ఆ డాక్టరమ్మ సత్యవాక్యం మీద, బెల్లం తిన్న నోళ్ళ మీద మహా కోపమొచ్చింది. ఏం చేయను, నేనూ ఆ ఇంటి కోడలినే.

మళ్ళీ నెల, మామిడికాయ తొక్కు కొత్తగా పెట్టి జాడీలకు వాసెన కట్టిన రోజులు. పొద్దున్నే పెద్దత్త పొయ్యి దగ్గరికి పోలేదు. ఈతచాప చంకన పెట్టుకుని దొడ్లోకి వచ్చి గుడిసెలో కూర్చుంది. ఇల్లంతా గగ్గోలు. ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చి అల్లంత దూరంలో నిలబడింది.

"ఏందే, మళ్ల వచ్చిందా?"

"రాలేదు" అంది పెద్దత్త. "ఆగి రెండేండ్లాయె అత్తా. డాక్టరమ్మ ఆపలే, దేవుడే ఆపిండు. ఇన్ని దినాలు నీకు అబద్ధం చెప్పిన. నా ఒళ్ళు మండుతున్నది. నెలకు మూడు దినాలు ఆ పొయ్యి ముంగల కూసోను."

మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దమామ ఎడ్ల దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముసలమ్మ తేరుకుని, ఇంత అబద్ధమాడిన నోటికి పురుగులు పడతాయని తిట్టి, లేదన్నావుగా, లేచి లోపలికి నడువు, పిండి తడిపి ఉంది అని కర్రతో నేల మీద కొట్టింది.

పెద్దత్త లేచింది. చెప్పిన మాట వినే కోడలిలా నడుచుకుంటూ వంటింటి గడప దాటింది. పొయ్యి వైపు తిరగలేదు. తిన్నగా తొక్కు జాడీల ముందు నిలబడి, అన్నిటికంటే పెద్ద జాడీ మీద జానెడు ఎత్తున అరచెయ్యి చాపి, వెనకాలే వచ్చిన ముసలమ్మ వైపు తిరిగింది.

"రెండేండ్లు అబద్ధం చెప్పినదాన్ని గద అత్తా. ఇప్పుడు చెప్పింది నిజమని నీకెట్ల ఎర్క?"

ముసలమ్మ జాడీ వైపు చూసింది. ఏడాది తొక్కు అంతా ఆ చేతి కింద ఉంది. లేదంటే లేదేమో. కానీ ఉంటే? ఎవరు చూడొచ్చారు? డాక్టరమ్మ చెప్పింది నిజమే కావచ్చు, మళ్ళీ మొదలై ఉండవచ్చు. పెద్దత్త చెయ్యి ఇంకొంచెం కిందికి దించి, "చెప్పు. పట్టుకోనా?" అంది. ముసలమ్మ ముఖంలో శాస్త్రమూ రొట్టె ముక్కా కాసేపు కొట్టుకున్నాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా వెక్కిరించిన ఆ అరవ కూతే ఆమె నోట్లోంచి ఊడిపడింది.

"బ్యాడ" అంది ముసలమ్మ. "బ్యాడ. పో, బయటికి పో."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పెద్దత్త మాటను నెలకు మూడు దినాలు నమ్మేవారు. మిగిలిన దినాలు నమ్మేవారు కాదు. దానికి ఆమెకేం బాధ లేదు. ముసలమ్మ పంతులును పిలిపించి, రాకుండానే బయట కూర్చున్న ఆడదానికి ప్రాయశ్చిత్తం ఏమిటని అడిగింది. ఆయన, ముట్టు వచ్చి కూర్చోకపోతే ఉంది కానీ, రాకుండా కూర్చుంటే ఎక్కడా లేదని చేతులెత్తేశాడు. శాస్త్రం రాసినవాళ్ళు ఎప్పుడూ రొట్టెలు చేయలేదు కాబట్టి ఈ నేరం వాళ్ళకు తోచలేదని పెద్దత్త నాతో అంది.

నాలుగైదేళ్ళకు సెగలు చల్లారాయి. మూడు దినాలు మాత్రం చల్లారలేదు. ముసలమ్మ పోయింది. తాళంచెవులు పెద్దత్త నడుముకు వచ్చాయి. ఇప్పుడు ఏ దినమైనా, ఎంతసేపైనా పడుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. అయినా నెల తిరిగేసరికి చాప చంకన పెట్టుకునేది. అవ్వకు ఇంకా ముట్టేందని మనుమరాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అడిగి తీసుకున్నదానికీ గుంజుకున్నదానికీ తేడా ఉందని, గుంజుకున్నదాన్ని వదిలితే దిష్టి తగులుతుందని వాళ్ళకు చెప్పేది. ఆ రోజుల్లో నేనొకటి గమనించాను. మధ్యాహ్నం పూట మామ మజ్జిగ ముంత తీసుకుపోయి గుడిసెకు కాస్త దూరంలో పెట్టేవాడు. పెట్టి వెంటనే తిరిగేవాడు కాదు. ఆమె రెండు చేతులా ఆడే ఆట కాసేపు చూసి, తొండి అని గొణిగి వచ్చేవాడు.

యుద్ధం రోజులు, కిరసనాయిలు కూడా దొరకడం కష్టంగా ఉన్నప్పుడు, అప్పటికి వనపర్తికి కాపురం మార్చిన మాకు కబురొచ్చింది. పెద్దత్త గుడిసెలోనే పోయిందని. మేం పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. గుడిసెలో పటం చెరగలేదు, గవ్వలు పడినవి పడినట్టే ఉన్నాయి. నేను పోయి చూశాను. ఈసారి ఎడమచెయ్యే గెలుస్తోంది. తిప్పడానికి ఆమెకు వ్యవధి లేకపోయింది. అక్కడ కూర్చుని నేను గట్టిగా ఏడ్చాను.

వాకిట్లో పంతులు ఇరుకునపడి నిలబడ్డాడు. బయట కూర్చున్న ఆడమనిషి పోతే వేరే శుద్ధి చేయాలి, పంచగవ్యంతో స్నానం చేయించాలి, మామూలు మనిషికైతే అక్కర్లేదు. పోయినావిడకు అరవై దాటాయి, పోయింది మాత్రం గుడిసెలో. మరి ఏం చేయాలని మెల్లగా అడిగాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళలో సగం మంది కొంగులు నోట్లో కుక్కుకున్నారు, అది ఏడుపు కాదు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుని, అదంతా ఉత్తదే పంతులూ, ఊరంతా తెలిసిందే, మామూలుగానే కానియ్యి అంది.

మంచం మీద తల వంచుకుని కూర్చున్న పెద్దమామ తల ఎత్తాడు.

"ఉత్తదని నీకెట్ల ఎర్క?" అన్నాడు. "నిన్న పొద్దుగాల చాప తీస్కపోయింది. నా కండ్లతోని చూసిన. ఆమె బయటనే ఉన్నది. ఎట్ల చేసేదుంటే గట్లనే చెయ్యి."

పంతులు పంచగవ్యం సిద్ధం చేయించాడు. అంతా శాస్త్రప్రకారం జరిగింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఆ పూట రొట్టెలు పక్కింటి నుంచి వచ్చాయి. అందరూ తినమని బలవంతం చేస్తే మామ ఒక రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ రెండు చేతులా పట్టుకుని ఎండకు ఎత్తి చూశాడు. దాంట్లోంచి ఏమీ కనబడలేదు. దాన్ని పళ్ళెంలో పెట్టేసి, అప్పుడు ఏడ్చాడు.